పసుపు కుంకుమ చెట్లు

నూజివీడు,
1959 మే 20.

అక్కా,

ఇంట్లో అందరి క్షేమం అన్నయ్య రాసే కార్డులో ఎలాగూ ఉంటుంది కాబట్టి నేను నేరుగా విషయానికొస్తాను. గోపాలం ముఖం మీద మామిడి సొన పడి కాలిందని కూడా రాసే ఉంటాడు. రెడ్డిగూడెం తోటలో కాయ కోయిస్తుంటే పైనుంచి చిమ్మిందని ఇంట్లో చెప్పాను. అందరూ నమ్మారు. మన ఊళ్ళో సొన మచ్చ లేని మొహం ఎవరిది గనక!

అది అబద్ధం. నేనే పూసుకున్నాను.

పచ్చికాయలు తొడిమ విరిచి, కారిన సొనంతా కొబ్బరిచిప్పలో పట్టి, రెండు చెంపలకీ గడ్డానికీ దట్టంగా రాశాను. సొన పడ్డచోట చర్మం ఊడివస్తుంది కదా, దాంతోపాటు వెంట్రుకల వేళ్ళు కూడా వచ్చేస్తాయనుకున్నాను. ఎస్సెల్సీ ప్యాసైన తెలివి అది. చర్మం వచ్చింది. వారం తిరిగేసరికి ఆ పుండ్ల మధ్యనుంచే గడ్డం మళ్ళీ మొలిచింది.

ఎందుకలా చేశావని అడగకు. నీకు తెలుసు. నాకు ఆరేళ్ళప్పుడు బొమ్మల పెళ్ళిలో ఆడపెళ్ళివారు తక్కువయ్యారని నీ పరికిణీ నాకు కట్టి, లలిత అని పేరు పెట్టావు. ఆట అయ్యాక పరికిణీ విప్పించి పెట్టెలో పెట్టేశావు. పేరు మాత్రం నేను తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఈ పదహారేళ్ళలో నన్ను నేను లోపల ఇంకో పేరుతో పిలుచుకోలేదక్కా. ఊరికే అనుకోవడం కాదు, నేను ఆడపిల్లనే. అద్దం ముందు నిలబడితే గడ్డం, మీసం కనబడతాయి. నేను కనబడను.

బెల్లం పొట్లం కట్టిన పాత పత్రికలో ఒక ప్రకటన చూశాను. మద్రాసు వేపేరిలో ఒక దొరసాని కరెంటు సూదితో వెంట్రుకలు మళ్ళీ మొలవకుండా తీస్తుందట. ఆ ముక్క చింపి ఇందులో పెడుతున్నాను. ఒక్కసారి వెళ్ళి కనుక్కో. నిజమా, మోసమా, ఎంతవుతుంది. ఇంతకంటే ఏమీ అడగను.

నీ
గోపాలం (అని రాయక తప్పదు)


మద్రాసు,
1959 జూన్ 8.

చిరంజీవి తమ్ముడు గోపాలకృష్ణకు అక్క సుభద్ర ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. నువ్వు పంపిన కాగితం ముక్క పొయ్యిలో పెట్టాను. ఉత్తరం కూడా పెట్టాను. మీ బావగారి కంటపడితే ఏమని చెప్పుకోను? ఆయన రైల్వే ఆఫీసులో నలుగురి మధ్య తిరిగే మనిషి.

చిన్నప్పుడు ఆడుకున్న ఆటని పట్టుకుని ఇన్నేళ్ళు వేళ్ళాడతావా? తప్పు నాదైతే చెంపలు వేసుకుంటాను, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకు. అమ్మ ఉంటే నీకు దిష్టి తీసి గుడికి తీసుకెళ్ళేది. నాన్నగారికి కుడిపక్క పడిపోయి ఇంకా ఏడాది తిరగలేదు. పొద్దస్తమానం అరుగు మీద కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే వాళ్ళని చూస్తూ ఉంటారని మీ వదిన రాసింది. ఈ సంగతి తెలిస్తే ఆయనకి రెండో పక్క కూడా పడిపోతుంది. మీ అన్నయ్య శేషగిరి ఒక్కడూ మామిడి మండీ నెత్తిన వేసుకుని లాగుతున్నాడు. వాడికి సాయం ఉండు. ఉంగుటూరు సంబంధం వాళ్ళు అడుగుతున్నారట కదా, ఒప్పుకో. ఇంటికి ఆడది వస్తే ఇలాంటి ఆలోచనలు వాటంతట అవే పోతాయి.

పుండ్ల మీద వెన్న రాయి. గోక్కోకు, మచ్చలు పడతాయి.

సుభద్ర


నూజివీడు,
1959 ఆగస్టు 2.

మద్రాసులో ఉన్న అక్కగారికి,

ఉత్తరం అందింది. వెన్న రాశాను. మచ్చలు పడ్డాయి.

కవరు మెతుకులు పెట్టి అంటించావు. రైల్వే జీతం మరీ అంత తక్కువా? నా ఉత్తరం కాల్చినందుకు కోపం లేదు, కాలిస్తే దాచిపెట్టే పని ఉండదు. ఇంటికి ఆడది రావాలన్నావు. ఒకామె ఈ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా ఉంది, ఎవరూ చూడలేదు.

ఇక్కడి సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. ప్రతి ఆదివారం పొద్దున్నే వీరయ్య వచ్చి అరుగు మీద పీట వేసి మాకు వరసగా క్షౌరం చేస్తాడు. ముందు నాన్నగారు, తర్వాత అన్నయ్య, ఆఖర్న నేను. నా గడ్డం గీసి, మీసం కత్తిరించి, దువ్వి, అద్దం చూపిస్తాడు. పోయిన ఆదివారం ఉండబట్టలేక, "అది కూడా తీసెయ్ వీరయ్యా" అన్నాను. కత్తి కింద పెట్టేశాడు. "అదేంటి బాబూ ఆ మాట! అయ్యగారు నిక్షేపంలా ఎదురుగా కూర్చునుంటే మీసం తీయమంటారేంటి? అది తండ్రి పోయిన పదోరోజు తీసేది" అన్నాడు. అన్నయ్య ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నాన్నగారు నా వంక చూశారు.

అర్థమైందా? నాన్నగారు ఉన్నంతకాలం నా మూతి మీద మీసం ఉండాలి. ఆయన నూరేళ్ళు ఉండాలనే దేవుడికి రోజూ దణ్ణం పెడతాను, నిజంగానే పెడతాను. ఆ దణ్ణంతోనే నా మెడకి నేను తాడు బిగించుకుంటున్నాను.

ఇకమీదట మామిడికాయల ధరలు తప్ప ఏమీ రాయను.

గోపాలకృష్ణ


మద్రాసు,
1959 డిసెంబరు 12.

గోపాలానికి,

నాలుగు నెలలు నీకు జవాబు రాయలేదు. రాద్దామని కూర్చుంటే ఎలా మొదలెట్టాలో తెలిసేది కాదు. ఇప్పుడూ తెలియదు, అయినా రాస్తున్నాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. నీకే కాదు, ఎవరికీ తెలియదు. రెండో కాన్పు తర్వాత నా గడ్డం కింద నాలుగు నల్ల వెంట్రుకలు వచ్చాయి. నాలుగంటే నాలుగే. ఏడేళ్ళుగా మీ బావగారు లేవకముందే లేచి, చిన్న పట్టకారుతో పీక్కుంటున్నాను. ఊరికి వెళ్తే అది కొంగున ముడేసుకు వెళ్తాను. మొన్న అద్దం ముందు నిలబడి పీక్కుంటూ ఉంటే నువ్వు గుర్తొచ్చావు. నాలుగింటికే నేను ఇలా దాక్కుంటున్నాను. మరి నీకు ముఖం నిండా. పట్టకారు అక్కడే పడేసి కూలబడి ఏడ్చాను.

కాగితం కాల్చానే గాని అడ్రసు మర్చిపోలేదు. వేపేరిలో చర్చి వెనక సందు. ఆమె పేరు మిసెస్ రొజారియో. ఆంగ్లో ఇండియన్, అరవై ఏళ్ళుంటాయి, అరవం మనకంటే బాగా మాట్లాడుతుంది. సినిమావాళ్ళు కూడా వస్తారట, పేర్లు మాత్రం చెప్పదు. ముందు నా నాలుగూ తీయించుకున్నాను. వెంట్రుక మొదట్లోకి సన్నటి సూది దించి కరెంటు ఇస్తుంది. చుర్రుమంటుంది, కళ్ళమ్మట నీళ్ళు వస్తాయి. తర్వాత లాగితే వెంట్రుక ఊరికే వచ్చేస్తుంది. ఆ చోట చిన్న పొక్కు కట్టి వారానికి రాలిపోతుంది. నెల చూశాను. మళ్ళీ రాలేదు. మోసం కాదు.

"మా చెల్లెలికి ముఖమంతా ఉందండీ, పుట్టుకతో మగపిల్లాడనుకున్నారు, అలాగే పెంచారు" అన్నాను. నోరు జారి అనలేదు, గుమ్మంలో నాలుగుసార్లు అనుకుని మరీ అన్నాను. ఆమె కళ్ళజోడు తుడుచుకుని, "తీసుకురా, నేను చూసేది వెంట్రుకలనే" అంది. ఒక్కొక్కటీ విడివిడిగా తీయాలి కాబట్టి నాలుగైదేళ్ళు పడుతుందట. అరగంటకి నాలుగు రూపాయలు. మీ బావగారి జీతంలోంచి ఇది తీయడం నా వల్ల కాదు.

కానీ నా చెట్లున్నాయి. నాన్నగారు నా పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఇచ్చిన చిన్నరసం మామిడి చెట్లు రెండు. ఏటా పూత చూసి ధర కట్టి, ఉగాది వెళ్ళగానే నాకు మనియార్డరు వస్తుంది కదా. ఆ డబ్బు మీద మగవాడి చెయ్యి పడకూడదు, పుట్టింటివాళ్ళదైనా, అత్తింటివాళ్ళదైనా. అది ఆడపిల్లకిచ్చిన సొమ్ము. ఇన్నేళ్ళూ చీరలు కొనుక్కున్నాను. ఇక మీదట కూడా ఆ సొమ్ము ఆడపిల్లకే ఖర్చవుతుంది. ఈ మాట ఇంకోసారి చదువుకో, మళ్ళీ రాయమంటే నాకు చేతకాదు.

అక్క


నూజివీడు,
1960 మార్చి 15.

అక్కా,

ఇంకోసారి చదువుకోమన్నావు. నలభైసార్లు చదివాను. కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది.

విను, అంతా ఆలోచించి పెట్టాను. మద్రాసు మార్కెట్‌కి పంపే సరుకు దగ్గర మనవాళ్ళు ఎవరో ఒకరు ఉండకపోతే అక్కడి దళారులు సగానికి సగం కుళ్ళిందని లెక్క చెప్తున్నారని అన్నయ్య ఎప్పుడూ మొత్తుకుంటాడు. నేను వెళ్తానన్నాను. ఎగిరి గంతేశాడు. మే నెలంతా, జూన్ సగం నీ దగ్గరే. బెజవాడ దాకా లారీ మీద, అక్కణ్ణుంచి వాగన్లో గంపలతో పాటు రైలు.

ఇక పొక్కుల సంగతి. చెంప నిండా చిన్న చిన్న పొక్కులతో ఇంటికొస్తే ఏమని చెప్పాలా అని మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నాలుగో రోజు నాకే నవ్వొచ్చింది. సొన! మామిడి సీజనులో ముఖం మీద పొక్కులుంటే నూజివీడులో అడిగేవాడెవడు? వేరే కాలంలోనైతే డాక్టరు దగ్గరికి లాక్కుపోతారు. నన్ను కాల్చిన సొనే నన్ను కాపాడుతుంది.

కాబట్టి ఏడాదికి నెలన్నర. ఆ నెలన్నరలో నేను నేను. మిగిలిన పదిన్నర నెలలు మండీలో గోపాలకృష్ణగారు. అంతకంటే దారి లేదు. ఇదైనా ఉంది.

మీసం జోలికి మాత్రం పోకూడదని ఆమెకి ముందే చెప్పు.

నీ
(పేరు నువ్వే రాసుకో)


మద్రాసు,
1960 జూలై 3.

చి. లలితకు,

కవరు మీద గోపాలకృష్ణ అని రాయక తప్పదు. లోపల నా ఇష్టం.

నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి ఇల్లు బోసిగా ఉంది. పిల్లలు మామయ్య ఎప్పుడొస్తాడని అడుగుతున్నారు. మీ బావగారు మొదట్లో గొణిగారు. "మీ తమ్ముడు వేపేరి వైపు ఎక్కువ తిరుగుతున్నాడు, ఏంటి సంగతి?" అన్నారు. చర్మవ్యాధికి వైద్యం చేయించుకుంటున్నాడు అన్నాను. ఈయన ఇంకేమీ అడగలేదు గాని, నువ్వు ఎక్కిన రైలు కదిలాక, "పాపం, సూదులంటే నాకు భయం" అన్నారు. నేను సూదుల సంగతి ఆయనతో చెప్పనేలేదు. ఎంత తెలుసో ఏమిటో, నేనూ కదపలేదు.

నువ్వు ఆ కుర్చీలో పడుకున్నప్పుడు నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను కదా. సూది దిగినప్పుడల్లా నా చెయ్యి నలిపేశావు. ఇప్పటికీ ఉంగరం వేలు నొప్పిగానే ఉంది. సూది వేయించుకోవాలంటే మూడు రోజులు గడ్డం పెంచుకోవాలని ఆమె చెప్పినప్పుడు నీ ముఖం చూశాను. తీయించుకోవడం కోసం దాన్నే ముఖం మీద పెట్టుకుని బజారులో నడవడం, నాకు ఊహకందలేదు. ఒక్కమాట అనకుండా నడిచావు.

ఎడమ చెంప అయిందని ఆమె అంది. వచ్చే ఏటికి కుడిది. ధైర్యంగా ఉండు.

నీ అక్క


నూజివీడు,
1962 ఏప్రిల్ 10.

అక్కా,

ఈ ఉత్తరంలో మంచి ఒక్కటే ఉంది, అది ముందు చెప్తాను. రెండు సీజన్లకి చెంపలు రెండూ నున్నగా ఉన్నాయి. వీరయ్య కత్తి ఊరికే జారిపోతోంది. "బాబుకి ఈ మధ్య పనే ఉండటం లేదు" అన్నాడు. అన్నయ్య కూడా మొన్న, "ఏటేటా ఆ సొన నీకే ఎందుకు పడుతోందిరా? తోటలో ఇంతమంది ఉండగా?" అన్నాడు. వెటకారమో, అనుమానమో తెలియలేదు.

ఇక మిగతావి. ఉంగుటూరు సంబంధం అన్నయ్య ఖాయం చేసేశాడు. నేను మూడేళ్ళుగా ఏదో వంక చెప్తూ వచ్చాను, ఇక వంకలు అయిపోయాయి. మే నెల ఆఖరి ఆదివారం వాళ్ళు వచ్చి తాంబూలాలు పుచ్చుకుంటారు. నాన్నగారి ఎదురుగానే చెప్పాడు. నాన్నగారు గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. అక్కా, ఆ పిల్లకి పద్దెనిమిదేళ్ళు. నన్ను నమ్మి వచ్చే ఆ పిల్ల ఏం పాపం చేసింది? నాతో పాటు ఈ గోతిలోకి ఇంకొకరిని ఎలా లాగను?

నీ దగ్గర ఒకటి దాచాను. నీ చెట్లలో తూర్పు వైపుది పోయిన కార్తీకంలో గాలివానకి వేళ్ళతో సహా పడిపోయింది. చెప్తే బాధపడతావని రాయలేదు. రెండోదాని పూతంతా ఈ ఏడు తేనెమంచు పురుగు మాడ్చేసింది. ఉత్త ఆకులు మిగిలాయి. "ఈసారి అక్కకి పంపేదేమీ లేదు, కాయ ఉంటేగా" అన్నాడు అన్నయ్య. కాబట్టి దొరసానికి చెప్పు, ఈ ఏడు రానని. గడ్డం కింద సగం, మెడ మొత్తం అలాగే ఉండిపోయాయి. మీసం సంగతి సరేసరి.

మర్దనాలతో కాస్త కదలిక వచ్చిన నాన్నగారి కుడిచెయ్యి మళ్ళీ మొద్దుబారుతోంది. నూనె మర్దనాకి వైద్యుడు వస్తూనే ఉన్నాడట, మేము మండీలో ఉండే వేళ. డబ్బులు అన్నయ్య వారం వారం నాన్నగారి చేతికి ఇస్తూనే ఉన్నాడు. గుణం మాత్రం కనబడటం లేదు.

నాకు ఊపిరాడటం లేదక్కా.

లలిత


మద్రాసు,
1962 ఏప్రిల్ 24.

లలితా,

ఈ ఉత్తరం రిజిస్టరు చేస్తున్నాను. నీ చేతికి తప్ప ఎవరికీ ఇవ్వకూడదు. కారణం చదువు.

నా మనియార్డరు వచ్చింది. ఎప్పుడూ వచ్చేదాని కంటే ఇరవై ఎక్కువే. చెట్టు పడిపోయిందని, పూత మాడిందని నువ్వు రాశావు. మరి ఈ డబ్బు ఏ కొమ్మకి కాసింది? శేషగిరి పంపనన్నాడని నువ్వే అన్నావు. కూపను మీద రాత వాడిది కాదు. పలక మీద కొత్తగా దిద్దుకునే పిల్లాడి రాతలా ఉంది. "అమ్మాయికి పసుపు కుంకుమ" అని మూడు మాటలు, ఒక్కో అక్షరం ఒక్కో వైపు ఒరిగిపోయింది.

ఇంకోటి. ఎప్పుడో నువ్వు నన్ను వెక్కిరించావు, కవరు మెతుకులతో అంటించానని. అప్పుడు నేను పట్టించుకోలేదు. నేను జన్మలో మెతుకులతో అంటించలేదు. మీ బావగారు ఆఫీసు నుంచి తెచ్చే జిగురు సీసా ఉంది. అంటే నా ఉత్తరాలు ఎవరో విప్పి, చదివి, మళ్ళీ అంటించి నీకు ఇస్తున్నారు. మూడేళ్ళుగా! లలిత అని రాసినవన్నీ. శేషగిరి అయితే ఇన్నాళ్ళు ఊరుకోడు. మరి ఎవరు?

ఈ రాత ఎవరిదో నాకు ఒక అనుమానం ఉంది. రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వే కనుక్కో.

నీ అక్క


నూజివీడు,
1962 జూలై 9.

అక్కా,

రెండు నెలలు నీకు ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు అంతా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నీ రిజిస్టరు ఉత్తరం పోస్టుమాన్ సువర్ణరాజు అరుగు మీదే నా చేత సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. నాన్నగారు ఎదురుగా కుర్చీలో ఉన్నారు. "ఇది నాకివ్వలేదేంటి?" అన్నారు సువర్ణరాజుతో. ఆయన మాట ఇప్పటికీ ముద్దముద్దగానే వస్తుంది. "రిజిస్టరండీ, రూలు ఒప్పుకోదండీ" అని అతను వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు అర్థమైపోయింది. అక్కడే చింపి చదివాను. చదివి ఆయన వంక చూశాను.

నాన్నగారు కుర్చీలో పరిచిన దుప్పటి కిందనుంచి ఎడంచేత్తో ఒక పలక తీశారు. అన్నయ్య పిల్లల పాత పలక. దాని నిండా నీ పేరు, నీ మద్రాసు అడ్రసు, వంకరటింకరగా. కుడిచెయ్యి పోయాక ఎడంచేత్తో రాయడం నేర్చుకున్నారు. మేము మండీకి వెళ్ళాక, ఒక్కరే కూర్చుని.

"మొదటి ఉత్తరం శేషగిరి చేతిలో పడకూడదని తీశాను. ఏదో ఉందని నీ మొహం చూస్తేనే తెలిసింది. చదివాక మానలేకపోయాను. తప్పే" అన్నారు. తిడతారేమో, ఇంట్లోంచి పొమ్మంటారేమో అని చూస్తున్నాను. "ఆ సూది బాగా నొప్పా?" అన్నారు.

నేను ఏడ్చేశాను.

డబ్బు ఎక్కడిదో తర్వాత వదిన చెప్పింది. తూర్పు చెట్టు పడిపోయిన వారం నుంచీ నాన్నగారు వైద్యుణ్ణి రావద్దన్నారట. నూనెకి, మర్దనాకి అన్నయ్య ఇచ్చే డబ్బంతా దుప్పటి కింద దాచి, సువర్ణరాజు చేత మనియార్డరు కట్టించారు. ఎవరికీ చెప్పొద్దని వదిన చేత ఒట్టు వేయించుకున్నారు. ఎందుకో ఆమెకి తెలియదు. ఆ చెయ్యి ఇక రాదని మొన్న డాక్టరు తేల్చేశాడక్కా. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, ఇలా ఎందుకు చేశారని అడిగాను. "ఈ చెయ్యి వచ్చి ఇప్పుడు నేను మోయాల్సిన గంపలేవీ లేవు. నీది ఇంకా చాలా ఉంది" అన్నారు. నా ముఖం తడుముకుంటే ఇప్పుడు నాకు ఆయన చెయ్యే గుర్తొస్తోంది. సంతోషపడాలో, తల బాదుకోవాలో తెలియడం లేదు.

మే నెల ఆఖరి ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం ఉంగుటూరు వాళ్ళు రావాలి. పొద్దున్నే వీరయ్య వచ్చాడు. నాన్నగారిది అయింది, అన్నయ్యది అయింది. నేను పీట మీద కూర్చున్నాను. మెడ దాకా గీసి వీరయ్య దువ్వెన తీశాడు.

"వీరయ్యా, మీసం తీసెయ్" అన్నారు నాన్నగారు.

వీరయ్యకి అర్థం కాలేదు. "ఎవరిదండీ?"

"అక్కడ కూర్చున్నదాని మీసం."

"అయ్యగారూ, తమరు బతికుండగా నేనెలా తీస్తానండీ? అపచారం."

"అపచారమైతే నాకు. నీకు కాదు. నేను బతికే ఉన్నాను, నా నోటితో నేనే చెప్తున్నాను. తీయ్."

అన్నయ్య లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. "ఏంటి నాన్నగారూ ఇది! ఇవాళ పెళ్ళివాళ్ళు వస్తుంటే? చూస్తే ఏమనుకుంటారు?" అని అరిచాడు. "ఏమనుకోవాలో అదే అనుకుంటారు. రానీ" అన్నారు నాన్నగారు. అప్పుడు నాకు తెలిసింది ఆయన ఆ ఆదివారమే ఎందుకు ఎంచుకున్నారో. వీరయ్య నాలుగు గీతల్లో తీసేశాడు. కూలి తీసుకోకుండా, పొది సర్దుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. నాన్నగారు నన్ను దగ్గరికి పిలిచి, ఎడంచేత్తో నా గడ్డం పట్టుకుని ఎత్తి, కాసేపు చూశారు. "మీ అమ్మ పోలిక" అన్నారు.

ఉంగుటూరు వాళ్ళు వచ్చారు. కుర్చీలో నాన్నగారిని చూశారు, నా మూతిని చూశారు, మళ్ళీ నాన్నగారిని చూశారు. పెద్దాయన, "తండ్రి ఉండగానే ఇదేంటండీ?" అన్నాడు. నాన్నగారు, "మా ఇంట్లో అంతేనండీ" అన్నారు. మజ్జిగ కూడా పుచ్చుకోలేదు. హనుమాన్ జంక్షన్ బస్సుకి వెళ్ళిపోయారు. పళ్ళెంలో పెట్టిన తాంబూలాలు అలాగే ఉండిపోయాయి. ఆ పిల్ల బతికిపోయింది.

ఇక్కడితో కథ సుఖాంతం అయిందనుకోకు. నాన్నగారి పేరెత్తి, 'నారాయణరావు కొడుకు తండ్రి చావు కోరుకున్నాడు' అని ఊరంతా చెప్పుకుంటున్నారు. మండీకి వచ్చే రైతులు నన్ను చూసి మాట ఆపేస్తున్నారు. వీరయ్య మా గుమ్మం తొక్కడం మానేశాడు. నేనే రోజూ బ్లేడుతో గీసుకుంటున్నాను, గీసిన చోట మర్నాటికి మళ్ళీ నల్లగా పొడుచుకొస్తుంది. అన్నయ్య ఈ ఏడు సరుకుతో మద్రాసుకి ఇంకెవరినో పంపాడు, చూశావు కదా. వచ్చే ఏడూ నన్ను పంపడట. "ఇల్లు కదిలి ఎక్కడికీ పోవడానికి వీల్లేదు" అన్నాడు. పోదామన్నా నాన్నగారికి పొద్దున్నే మొహం కడిగి, అన్నం కలిపి నోటికందించేది ఇప్పుడు నేనే. ఆ చెయ్యి నా కోసం పోయింది, ఇంక ఆ పని ఇంకొకరికి ఎలా వదులుతాను? ఎప్పుడొస్తానో చెప్పలేను. ఆ డబ్బు నీ దగ్గరే ఉంచు. ఆ దొరసాని ముసలిది, నేను వచ్చేదాకా బాగుండాలని కోరుకో.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. నిన్న వాన పడి తోటలో నేల పదునెక్కింది. తూర్పు వైపు చెట్టు పడిపోయిన గుంటలో నాన్నగారు చిన్నరసం అంటు ఒకటి నాటించారు. ఇద్దరు మనుషుల చేత కుర్చీతో సహా మోయించుకుని రెడ్డిగూడెం వెళ్ళి, దగ్గరుండి. అన్నయ్య విసుక్కుంటూనే నీళ్ళు పోయించాడు. "ఇది అక్క చెట్టు స్థానంలోదేగా, అక్క పేరనే రాయమంటారా?" అని అడిగాడు.

"దానికి దాని చెట్టు ఒకటి ఉందిగా" అన్నారు నాన్నగారు. "ఇది రెండో అమ్మాయికి."

అన్నయ్య ఏ అమ్మాయని అడగలేదు. నా వంక చూడలేదు కూడా. తల దించుకుని మొక్క చుట్టూ మట్టి కాలితో అదిమాడు.

కాపుకి అయిదేళ్ళు పడుతుందట.

లలిత